కుళాయి నీళ్ళను బట్టే చేపలు: ఇంట్లో మొక్కల అక్వేరియం పెట్టుకునే పద్ధతి

అక్వేరియం పెట్టాలనిపించిన రోజునే చాలామంది చేపల దుకాణానికి వెళ్తారు. మీరు మాత్రం ముందు మీ ఇంటి కుళాయి దగ్గరికి వెళ్ళండి. ఒక గ్లాసు నీళ్ళు పట్టి వాటి సంగతేమిటో తెలుసుకున్నాకే దుకాణం మెట్లెక్కండి. నచ్చిన చేపలు తెచ్చుకుని వాటి కోసం నీళ్ళను మార్చాలని చూస్తే నెలల తరబడి తిప్పలు. మీ నీళ్ళు ఒప్పుకునే చేపల్ని, మొక్కల్ని తెచ్చుకుంటే సగం పని అక్కడే అయిపోతుంది. ఎనిమిదేళ్ళుగా హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళతోనే ట్యాంకులు నడుపుతున్నాను. ఇక్కడ రాసేదంతా వాటి దగ్గర నేర్చుకున్నదే.

ముందు నీళ్ళు

మూడు విషయాలు తెలియాలి: టీడీఎస్, పీహెచ్ (నీళ్ళు ఆమ్లమా, క్షారమా అన్న లెక్క), జీహెచ్. టీడీఎస్ మీటర్ పెన్నంత ఉంటుంది. ఆర్వో ఫిల్టర్ ఉన్న ఇళ్ళలో చాలాచోట్ల ఇప్పటికే ఒకటి ఉంటుంది. నీళ్ళలో మొత్తం ఎన్ని లవణాలు కరిగి ఉన్నాయో అది చెబుతుంది. జీహెచ్ అంటే నీళ్ళ గట్టిదనం (హార్డ్‌నెస్), వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయన్న లెక్క. దీనికి చుక్కల కిట్ దొరుకుతుంది. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు తీసుకుని ఒక్కో చుక్క వేస్తూ కలపాలి. నారింజ రంగు ఎన్నో చుక్కకు ఆకుపచ్చగా మారితే జీహెచ్ అంత.

టీడీఎస్, జీహెచ్ రెండూ ఒకటే అనుకుని నేను మొదటి విడత రొయ్యల్ని పోగొట్టుకున్నాను. మా నీళ్ళ టీడీఎస్ 780. ఇంత గట్టి నీళ్ళలో కాల్షియానికి ఏం కొదవ అనుకుని, ఆ నీళ్ళలోనే కాస్త ఆర్వో నీళ్ళు కలిపి 20 చెర్రీ రొయ్యల్ని వదిలాను. రెండు వారాలకు ఒక్కొక్కటే పోవడం మొదలైంది. భూతద్దం పెట్టి చూస్తే తలకూ ఒంటికీ మధ్య చుట్టూ తెల్లటి గీత, దారం కట్టినట్టు. పాత పెంకు అక్కడ చిట్లింది కానీ ఊడి రాలేదు. లోపలి రొయ్య బయటికి రాలేక అలాగే చచ్చిపోయింది. భీమవరం దగ్గర వనామీ రొయ్యల చెరువులు చేసే మా బాబాయికి ఫోన్ చేశాను. ఆయన అడిగింది ఒకటే మాట: "టీడీఎస్ సంగతి సరేనమ్మా, హార్డ్‌నెస్ చూశావా?"

చూశాను. మొదటి చుక్కకే గొట్టంలో నీళ్ళు ఆకుపచ్చగా మారాయి. జీహెచ్ 1.

కారణం మా అపార్ట్‌మెంట్ సాఫ్ట్‌నర్. అది కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ పట్టేసి, వాటి బదులు సోడియం వదులుతుంది. లవణాల మొత్తం దాదాపు అంతే ఉంటుంది కాబట్టి టీడీఎస్ మీటర్‌లో తేడా కనిపించదు. రొయ్యకు పెంకు కట్టుకోవడానికి కావలసినవి మాత్రం ఉండవు. మీ భవనంలో సాఫ్ట్‌నర్ ఉందేమో వాచ్‌మన్‌ని అడగండి. ఉంటే, దానికి ముందే బోరు లైన్ నుంచి వచ్చే కుళాయి ఏదో కనుక్కోండి. మా దగ్గర కింద మొక్కలకు నీళ్ళు పెట్టే కుళాయి అలాంటిది. ఆ రోజు నుంచి ట్యాంకుకు ఆ నీళ్ళే.

కార్పొరేషన్ నీళ్ళు వాడేవాళ్ళు క్లోరిన్ సంగతి చూసుకోవాలి. బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా వదిలేస్తే, లేదా కొన్ని గంటలు గాలి మోటర్ పెడితే క్లోరిన్ పోతుంది. తొందరైతే యాంటీ క్లోరిన్ చుక్కలు ఉండనే ఉన్నాయి. సంపు కడిగి బ్లీచింగ్ వేసిన వారం మాత్రం ట్యాంకులో నీళ్ళు మార్చకండి.

ఇక లెక్క. టీడీఎస్ 500 దాటి, పీహెచ్ 8కి దగ్గరగా ఉంటే గప్పీలు, ప్లాటీలు, మాలీలు హాయిగా బతుకుతాయి. 200 నుంచి 300 మధ్య ఉంటే జీబ్రా డానియోలు, హనీ గౌరామీలు, చెర్రీ రొయ్యలు పెట్టుకోవచ్చు. నియాన్ టెట్రాలు అమెజాన్ పరివాహకంలోని మెత్తటి నీళ్ళలో పుట్టినవి. దుకాణంలో ఎంత మెరిసినా బోరు నీళ్ళ ఇంటికి తీసుకురాకండి. రొయ్యల కోసం నేను ఒక మగ్గు బోరు నీళ్ళకు రెండు మగ్గుల ఆర్వో నీళ్ళు కలుపుతాను. టీడీఎస్ 780 ఉన్న బోరు నీళ్ళకు 40 ఉన్న ఆర్వో నీళ్ళు అలా కలిపితే 287 దగ్గర నిలుస్తుంది, జీహెచ్ 6 పైన ఉంటుంది. ఒట్టి ఆర్వో నీళ్ళతో ట్యాంకు నింపకండి. చూడటానికి స్వచ్ఛంగా ఉన్నా వాటిలో ఖనిజాలు ఉండవు.

ట్యాంకు, ఇసుక, మోటర్

మొదటి ట్యాంకు చిన్నదైతే సులువనుకుంటారు. నిజానికి చిన్నదే కష్టం. తక్కువ నీళ్ళు తొందరగా వేడెక్కుతాయి, తొందరగా పాడవుతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తున్న ట్యాంకు తీసుకోండి. ఇసుకా పైన ఖాళీ పోను సుమారు 60 లీటర్లు పడతాయి. నిండాక మొత్తం బరువు 80 కిలోలు దాటుతుంది కాబట్టి గట్టి బల్ల కావాలి, అద్దం కింద థర్మోకోల్ షీటు పరవాలి. కిటికీలోంచి ఎండ పడే చోట పెట్టకండి. పాచి పట్టేస్తుంది, ఎండాకాలం నీళ్ళు కాగిపోతాయి.

రంగు రాళ్ళు వద్దు. మామూలు ఏటి ఇసుకను జల్లించి, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, రెండు అంగుళాల మందాన పరవండి. గులకరాళ్ళు వేయాలనుకుంటే ముందు ఒకదాని మీద వెనిగర్ చుక్క వేసి చూడండి. బుసబుస పొంగితే సున్నపురాయి. అది నీళ్ళను ఇంకా గట్టిపరుస్తుంది.

ఫిల్టర్లలో నా ఓటు స్పాంజ్ ఫిల్టర్‌కే. చవక, రొయ్య పిల్లల్ని లాగేసుకోదు. దాన్ని నడిపే గాలి మోటర్‌కు మూడు నాలుగు వాట్లు చాలు. మోటర్‌ను నీటి మట్టానికి పైన పెట్టండి, లేదా గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ తగిలించండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టం గుండా వెనక్కి మోటర్‌లోకి దిగుతాయి.

చేప లేని నెల

అందరూ దాటేసే మెట్టు ఇదే. చేప విసర్జించేదీ మిగిలిన మేతా కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను మొక్కలు తింటాయి, మిగిలింది మీరు నీళ్ళు మార్చినప్పుడు పోతుంది. ఈ బాక్టీరియా స్పాంజ్ లోపల, ఇసుక రేణువుల మీద కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన బోరు నీళ్ళవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, అదే అమ్మోనియాలో విషపు పాలు దాదాపు 10 రెట్లవుతుంది.

చేయాల్సింది ఇంతే. ఇసుక, మొక్కలు, ఫిల్టర్ అన్నీ పెట్టి నీళ్ళు నింపండి. మోటర్ రాత్రింబగళ్ళు నడవాలి. రోజు విడిచి రోజు చిటికెడు చేపల మేత వేయండి. అది కుళ్ళి బాక్టీరియాకు ఆహారమవుతుంది. వారానికి రెండుసార్లు అమ్మోనియా, నైట్రైట్ కిట్లతో చూడండి. ముందు అమ్మోనియా పెరుగుతుంది. అది తగ్గుతుండగా నైట్రైట్ లేస్తుంది. రెండూ సున్నాకు దిగి, నైట్రేట్ కనిపించిన రోజు మీ ట్యాంకు సిద్ధం. తెలిసినవాళ్ళ ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఉంటే, వాళ్ళ పాత స్పాంజ్‌ను అడిగి తెచ్చి మీ దాంట్లో పెట్టుకోండి. వారం పది రోజుల్లో పని తేలుతుంది. తోడు లేకుండా పాలు పెరుగవ్వనట్టే ఇదీ.

మొక్కలు

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు, ఖరీదైన మట్టి ఏవీ అక్కర్లేని మొక్కలతోనే మొదలుపెట్టండి. జావా ఫెర్న్, అనూబియాస్ రాయికో కర్రకో కట్టి పెంచేవి. వాటికి అడ్డంగా దుంపలాంటి కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్ళిపోతుంది. నల్లదారంతో రాయికి చుట్టి వదిలేయండి, రెండు నెలల్లో వేళ్ళు రాయిని పట్టుకుంటాయి. వ్యాలిస్నేరియా, క్రిప్టోకోరిన్ వేళ్ళతో తినేవి. వాటిని ఇసుకలో నాటి, మొదళ్ళ దగ్గర ఎరువు బిళ్ళలు గుచ్చండి. క్రిప్టోకోరిన్ చోటు మారితే ఆకులన్నీ కరిగిపోతాయి. చచ్చిందని పీకేయకండి, మొదలు బతికే ఉంటుంది, మూడు వారాల్లో కొత్త చిగుళ్ళు వేస్తుంది. వీటితోపాటు నీళ్ళ పైన తేలే హార్న్‌వర్ట్ గుప్పెడు వేయండి. వేగంగా పెరిగే మొక్క అమ్మోనియాను నేరుగా పీల్చుకుంటుంది, పాచికి తిండి మిగల్చదు.

లైటు రోజుకు 6 నుంచి 7 గంటలు, టైమర్ పెట్టి. పాచి ఎక్కువైతే ముందు లైటు గంట తగ్గించండి, తర్వాత మేత తగ్గించండి. పాచి మందుల జోలికి వెళ్ళొద్దు. వాటిలో కొన్నింటిలో రాగి ఉంటుంది, రాగి రొయ్యకు ప్రాణాంతకం. ఆకులు ఏం చెబుతున్నాయో చూడటం అలవాటు చేసుకోండి. కొత్త చిగురు పాలిపోతే ఇనుము చాలలేదని, పాత ఆకు పసుపెక్కితే నత్రజని తక్కువని, ఆకుల్లో సూది గుచ్చినట్టు చిల్లులు పడితే పొటాషియం కావాలని.

కొన్న మొక్కను నేరుగా ట్యాంకులో పెట్టకండి. పురుగుమందు అంటి ఉండొచ్చు, తూనీగ పిల్లలూ దాగి ఉండొచ్చు. నీళ్ళలో పెరిగే ఆ తూనీగ పిల్ల చేపపిల్లల్ని, రొయ్యల్ని పట్టి తింటుంది. వారం రోజులు వేరే బకెట్లో, రోజూ నీళ్ళు మారుస్తూ ఉంచాకే లోపలికి.

చేపలు

60 లీటర్లకు ఆరు జీబ్రా డానియోలు చాలు, లేదా ఎనిమిది గప్పీ పోతులు. రెండూ కలిపి ఒకేసారి కాదు. జీబ్రా డానియో మన దేశపు వాగుల చేపే, ప్రపంచమంతా పరిశోధనశాలల్లో పెంచుతున్నదీ అదే. కొంచెం చలిని, కొంచెం వేడిని తట్టుకుంటుంది. గప్పీల్లో పోతులనే అడిగి తీసుకోండి. ఒక్క పెంటి వచ్చినా అది దుకాణంలోనే జతకట్టి ఉంటుంది. ఆ వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుని, మగ చేప లేకపోయినా నెలనెలా పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. గోల్డ్ ఫిష్ ఈ ట్యాంకుకు తగదు. అది జానెడు దాటి పెరిగే చేప. గాజు బౌల్లో ఒంటరి గోల్డ్ ఫిష్‌ను చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంతే. వారంలో ఒక రోజు పస్తు. ఇంట్లో పిల్లలు ఉంటే వారానికి సరిపడా మేతను ఏడు చిన్న పొట్లాలు కట్టి వాళ్ళకివ్వండి. డబ్బా మాత్రం అందనివ్వకండి.

రొయ్యలు

చేపలు కుదురుకున్న నెలన్నర తర్వాతే రొయ్యలు. అప్పటికి ఆకుల మీద, అద్దం మీద కంటికి కనిపించీ కనిపించని జిగురుపొర పడుతుంది. వాటి అసలు తిండి అదే. గప్పీలైనా డానియోలైనా పెద్ద రొయ్యను ఏమీ చేయవు కానీ పిల్లల్ని మింగేస్తాయి. అందుకే జావా మాస్ అనే నాచును గుబురుగా పెంచండి. రొయ్యలే ముఖ్యమనుకుంటే చేపలు లేని ట్యాంకు పెట్టండి. నా మాట వింటే అదే మంచిది.

కవర్లో వచ్చిన రొయ్యల్ని గబుక్కున ట్యాంకులో కుమ్మరించకండి. మందుల షాపులో సెలైన్ పైపు కొనండి. సూది తీసేసి ఒక కొస ట్యాంకులో, రెండో కొస రొయ్యలున్న గిన్నెలో పెట్టి, చక్రం తిప్పి సెకనుకు రెండు చుక్కలు పడేలా బిగించండి. గంటన్నర రెండు గంటల్లో గిన్నెలో నీళ్ళు మూడింతలవుతాయి. అప్పుడు రొయ్యల్ని జల్లెడ వలతో తీసి వదలండి, దుకాణం నీళ్ళు మాత్రం పారబోయండి.

రెండు మూడు రోజులకు ఇసుక మీద కదలకుండా పడి ఉన్న రొయ్య కనిపిస్తే కంగారుపడకండి. దగ్గరగా చూడండి. అద్దంలా పారదర్శకంగా, వీపు మీద చీలి ఉంటే అది ఖాళీ పెంకు. పాము కుబుసం విడిచినట్టు రొయ్య ఎదిగేటప్పుడు పాత పెంకు వదిలేస్తుంది. తీయకండి, ఆ పెంకునే మళ్ళీ తిని కాల్షియం తెచ్చుకుంటుంది. చచ్చిన రొయ్య అయితే ఉడికిన దానిలా తెల్లగా, గులాబీ రంగుగా మారుతుంది. దాన్ని వెంటనే తీసేయాలి.

తిండికి ఉడికించిన పాలకూర ఆకు, బీరకాయ ముక్క వారానికి రెండుసార్లు వేయండి. రాత్రి వేసి పొద్దున మిగిలింది తీసేయండి. అన్నింటికన్నా వాటికి ఇష్టమైనది మన వీధుల్లోనే దొరుకుతుంది: బాదం ఆకు. చెట్టు కింద ఎండి రాలిన గోధుమరంగు ఆకు ఏరి, కడిగి, నిమిషం వేడినీళ్ళలో ముంచి ట్యాంకులో వేయండి. నీళ్ళు లేత టీ రంగుకు తిరుగుతాయి, నష్టం లేదు. నెలరోజుల్లో రొయ్యలు ఆకంతా తిని ఈనెలు మాత్రం మిగులుస్తాయి, వల అల్లినట్టు. మొదటిసారి ఆ అస్థిపంజరాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. పచ్చి ఆకు వేయకండి, రోడ్డు దుమ్ము పట్టినదీ వేయకండి.

ప్రతి వారం

ఒక ఆదివారం అరగంట. సైఫన్ పైపుతో ఇసుక మీది చెత్తతోపాటు నాలుగో వంతు నీళ్ళు తీయండి. రొయ్యలున్న ట్యాంకులో పదో వంతు చాలు. ఎక్కువ మారిస్తే వేళ కాని వేళ పెంకు వదిలి చస్తాయి. తీసిన ఆ నీళ్ళలోనే స్పాంజ్‌ను పిండి కడగండి. కుళాయి కింద కడిగితే నెల రోజులు పెంచిన బాక్టీరియా క్లోరిన్‌కు బలి. ఆ మురికినీళ్ళు తులసికోటకూ, గులాబీ కుండీలకూ పోయండి.

ఆవిరైన నీళ్ళ సంగతి వేరు. ఆవిరిగా పోయేది నీరొక్కటే, ఉప్పులన్నీ లోపలే మిగులుతాయి. మళ్ళీ బోరు నీళ్ళతోనే నింపుతూ పోతే నాలుగు నెలల్లో 300 ఉన్న టీడీఎస్ 600 దాటుతుంది. తగ్గిన నీటిమట్టాన్ని ఆర్వో నీళ్ళతో నింపండి. వారం వారం మార్చే నీళ్ళు మాత్రం కలిపినవే పోయండి.

ఎండాకాలం

ఏప్రిల్, మే నెలల్లో మా హాల్లో ట్యాంకు నీళ్ళు 32 డిగ్రీలకు చేరతాయి. రొయ్యకు 26 దాకా సుఖం, 30 దాటితే గండం. వేడెక్కిన కొద్దీ నీళ్ళలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది, అదే సమయంలో చేపకు దాని అవసరం పెరుగుతుంది. మూత తీసి, నీటి పైకి ఏటవాలుగా గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ బిగించండి. కంప్యూటర్ ఫ్యాన్ అయినా సరే, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కుండలో నీళ్ళు చల్లబడే కిటుకే ఇదీ. హైదరాబాద్, అనంతపురం లాంటి పొడిగాలి ఊళ్ళలో బాగా పనిచేస్తుంది, కోస్తా ఉక్కపోతలో అంతగా పనిచేయదు. ఐసు ముక్కలు వేయకండి. ఒక్కసారిగా చల్లబడితే చేప నీరసించి తెల్లమచ్చ రోగం పట్టుకుంటుంది.

మొక్కలు పగలు ప్రాణవాయువు ఇస్తాయి, చీకట్లో అవీ చేపలతోపాటు దాన్ని పీల్చుకుంటాయి. కాబట్టి అది అడుగంటేది తెల్లవారుజామున. ఆ వేళ చెరువు గట్టున టార్చ్ వేసుకుని తిరగడం మా బాబాయికి అలవాటు. రొయ్యలు నీటిపైకి వచ్చి తిరుగుతుంటే, "తేలాయి" అని ఏరేటర్లు వేయిస్తాడు. మీ ట్యాంకులోనూ పొద్దున్నే చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే మోటర్ గాలి పెంచండి, నాలుగో వంతు నీళ్ళు మార్చండి. కరెంటు కోతలుంటే గాలి మోటర్ ప్లగ్గును ఇన్వర్టర్ లైన్‌కు మార్చండి.

దోమల మందు

చేపల కన్నా రొయ్యలకు దీనితో ప్రమాదం ఎక్కువ. రొయ్య పురుగుల దూరపు చుట్టమే కాబట్టి పురుగును చంపే మందు దాన్నీ చంపుతుంది. ట్యాంకున్న గదిలో స్ప్రే కొట్టకండి. వీధిలో ఫాగింగ్ బండి మోత వినపడితే కిటికీలు మూసి, ట్యాంకు మీద తడిగుడ్డ కప్పి, పావుగంట గాలి మోటర్ ఆపేయండి. గదిలోని గాలిని నీళ్ళలోకి పంపేది అదే. శానిటైజర్, లోషన్ రాసుకున్న చేతులు ట్యాంకులో పెట్టకండి.

తెల్లమచ్చ వస్తే

చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు, రాళ్ళకు ఒళ్ళు రుద్దుకోవడం దీని లక్షణాలు. రుతువు మారేటప్పుడు, కొత్త చేపలు తెచ్చినప్పుడు వస్తుంది. మందును ట్యాంకులో కలపకండి, రొయ్యలు, మొక్కలు పోతాయి. చేపల్నే వేరే టబ్బులోకి మార్చి, హీటర్‌తో మెల్లగా 30 డిగ్రీలకు తెచ్చి, లీటరుకు 2 గ్రాముల రాళ్ళ ఉప్పు కలిపి, గాలి పెట్టి, రోజూ సగం నీళ్ళు మార్చండి. పోయే నీళ్ళతో ఉప్పూ పోతుంది కాబట్టి ఆ మేరకు మళ్ళీ కలపండి. చుక్కలు రాలినంత మాత్రాన ఆపకండి. ఆ పరాన్నజీవి చేప ఒంటిని వదిలి నీళ్ళలో ఈదే దశలోనే చస్తుంది. పది పన్నెండు రోజులు పూర్తి చేయండి. చేప దొరక్క అసలు ట్యాంకులో మిగిలిన పరాన్నజీవులు కూడా చస్తాయి. రెండు వారాల దాకా చేపల్ని అందులోకి వదలకండి.

పెరిగినవి ఏం చేయాలి

అన్నీ సరిగ్గా ఉంటే రెండో నెలలో ఒక పెంటి రొయ్య పొట్ట కింద ద్రాక్షగుత్తిలా గుడ్లు మోస్తూ కనిపిస్తుంది. నెల తిరిగేసరికి బియ్యపు నూకంత పిల్లలు మాస్‌లో పాకుతాయి. ఆరు నెలలకు పంచిపెట్టాల్సినన్ని అవుతాయి. కవర్లో మూడో వంతు నీళ్ళు, మిగతా అంతా గాలి ఉంచి, పట్టుకోవడానికి ఒక నాచు ముక్క వేసి స్నేహితులకివ్వండి.

ఊరి చెరువులో, కాలవలో మాత్రం వదలకండి. అద్దం శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప దక్షిణ అమెరికాది. పెద్దదయ్యాక ఎవరెవరో వదిలేయగా ఇవాళ మన చెరువుల్లో పెరిగి, రైతుల వలలు చింపుతూ, మన చేపల మేత తినేస్తోంది. పల్లెల్లో దాన్ని దెయ్యం చేప అంటున్నారు. కత్తిరించిన నీటి మొక్కల్ని కూడా ఎండలో బాగా ఎండబెట్టాకే చెత్తలో వేయండి.